అద్దం పొడిగా ఉన్నంతసేపే: నెల్లూరు వానల్లో లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటోలు

మైపాడు బీచ్‌లో ఓ నవంబరు తెల్లవారుజామున తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్, అంటే అంతసేపూ షట్టర్ తెరిచి ఉంచి, వెలుతురు లోపలికి పడనిచ్చి తీసింది. అలలన్నీ కలిసిపోయి సముద్రం పొగలా వచ్చింది, మబ్బులు దూది ఏకినట్టు సాగాయి, తడి ఇసుక మీద ఆకాశం నీడ పడింది. అన్నీ అనుకున్నట్టే కుదిరాయి. సరిగ్గా నడిమధ్యలో మాత్రం బత్తాయంత మసక. లెన్స్ ముందు బిగించిన ఫిల్టర్ అద్దం మీద ఒకే ఒక్క వాన చుక్క. మొదటి అరనిమిషంలోనే పడి, మిగిలిన మూడున్నర నిమిషాలూ అక్కడే తిష్ఠ వేసింది. గొడుగు పట్టుకోమని వెంట తీసుకెళ్ళిన మా బావమరిది గొడుగైతే పట్టాడు గానీ, నా నెత్తిన పట్టాడు. ఇదేంది అబ్బయ్యా అంటే, "నువ్వు తడిస్తే అక్క నన్ను తిడతాది బావా. కెమెరా తడిస్తే నిన్నే కదా తిట్టేది" అన్నాడు.

వాడి లెక్క వాడికుంది. నా లెక్కే తప్పింది. వానాకాలంలో ఇలాంటి ఫొటోలు తీయాలని బయల్దేరేవాళ్ళు చాలామంది, నాలాగే, ఎండాకాలం పాఠాలు పట్టుకుని బయల్దేరతారు. ముదురు ఫిల్టర్ బిగించు, ఎక్కువసేపు తెరిచి ఉంచు, నీళ్ళు పట్టులా వస్తాయి. ఎండ ఉన్నప్పుడు ఈ మాట చెల్లుతుంది. వానలో ఎక్స్‌పోజర్ ఎంతసేపన్నది నిర్ణయించేది అద్దం ఎంతసేపు పొడిగా ఉంటుందన్నదే. మిగతా సెట్టింగులన్నీ దాని తర్వాతే.

ముందు చుక్క సంగతి. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ సెన్సర్ వెలుతురును కూడబెట్టుకుంటూ పోతుంది. కాబట్టి అద్దం మీద చుక్క చేసే నష్టం అది ఎంత పెద్దదన్న దానితో పాటు, మొత్తం సమయంలో ఎంత భాగం అక్కడ ఉందన్న దాన్నిబట్టి కూడా ఉంటుంది. 30 సెకన్ల ఫొటోలో 27వ సెకనులో చుక్క పడిందనుకోండి, ఆ చోట 27 సెకన్ల శుభ్రమైన బొమ్మ అప్పటికే ఉంది, చెడింది పదో వంతు. కంటికి ఆనదు. అదే చుక్క మూడో సెకనులో పడితే తొమ్మిది వంతులు చెడినట్టే. అందుకే వానలో తుడవడం అనేది షట్టర్ నొక్కడానికి ముందు క్షణం దాకా జరగాల్సిన పని. నొక్కాక చివర్లో పడ్డ చుక్కలకు కంగారుపడనక్కర్లేదు.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. సన్నటి తుంపరలో ఫిల్టర్ మీద సగటున పది సెకన్లకు ఒక చుక్క పడుతోందనుకుందాం. 30 సెకన్ల ఫొటోకి సగటున మూడు చుక్కలు పడతాయి, శుభ్రంగా బయటపడడం అదృష్టం. ఒక్క సెకను ఫొటోలు పది తీస్తే, మధ్యమధ్యలో తుడుచుకుంటూ పోతే, అందులో దాదాపు తొమ్మిది చుక్క లేకుండా వస్తాయి. వాన అదే, గొడుగు అదే. మారింది సమయం ఒక్కటే.

మరి గాల్లో పడుతున్న వాన సంగతేంటి, అది ఫొటోలో చారలు చారలుగా రాదా అని అడుగుతారు. రాదు. మామూలు వాన చుక్క సెకనుకి ఆరేడు మీటర్ల వేగంతో దిగుతుంది, పెద్ద చుక్కలు తొమ్మిది మీటర్ల దాకా. సెకనులో వందో వంతు షట్టర్‌తో తీస్తే అది ఆరు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల గీతలా కనిపిస్తుంది. షట్టర్ సెకను పాటు తెరిచి ఉంటే, ఒక్కో చుక్క ఒక్కో చోట ఉండేది సెకనులో అతి స్వల్ప భాగమే కాబట్టి ఆ గీత జాడ కూడా మిగలదు. వానంతా కలిపి దూరాన ఉన్న వాటిని పల్చటి తెర వెనక పెట్టినట్టు చేస్తుందంతే. దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. నిలువునా తడిసిపోయి తీసిన ఫొటో చూపిస్తే "వాన ఎక్కడుంది?" అంటారు. వాన కనిపించాలంటే లాంగ్ ఎక్స్‌పోజర్ ఆలోచన మానుకుని, 1/60 దగ్గర, వెనక నల్లగా చెట్ల గుంపో గోడో ఉండేట్టు తీయాలి. రెండూ ఒక్క ఫొటోలో కుదరవు.

మబ్బే సగం ఫిల్టర్

ఎండలో పాత ఫొటోగ్రాఫర్ల లెక్క ఒకటుంది: ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్ 16 పెడితే షట్టర్ సుమారు 1/100 సెకను. దట్టంగా మబ్బు పట్టిందంటే వెలుతురు దాదాపు మూడు స్టాపులు తగ్గుతుంది. ఒక స్టాప్ అంటే సగమవడం. మూడుసార్లు సగం చేస్తే ఎనిమిదో వంతు. ఎపర్చర్‌ని ఒక స్టాపు పెద్దది చేసి ఎఫ్ 11 దగ్గర పెడితే షట్టర్ 1/25కి వస్తుంది. అంటే ఏ ఫిల్టరూ లేకుండానే మబ్బు మనకు మూడు స్టాపుల పని ఉచితంగా చేసిపెట్టింది.

ఇక్కడి నుంచి ఫిల్టర్ లెక్క తేలిక. మూడు స్టాపుల ఎన్‌డి ఫిల్టర్ (ఇందాక చెప్పిన ముదురు ఫిల్టర్) వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది, 1/25 కాస్తా సెకనులో మూడో వంతు అవుతుంది. ఆరు స్టాపులది 64వ వంతు చేస్తుంది, రెండున్నర సెకన్లు. పది స్టాపులది దాదాపు వెయ్యో వంతు, 40 సెకన్లు. మొదటి రెండూ వానలో పనికొచ్చేవి. మూడోదాన్నే అందరూ ముందు కొంటారు, నేనూ అదే కొన్నాను. నిండు ఎండలో అది రాజు. తుంపరలో దాన్ని బిగించడమంటే చుక్కల కోసం పళ్ళెం పట్టుకుని నిలబడడమే. పైగా ఆ చీకటి అద్దం వెనక నుంచి మబ్బు రోజున కెమెరా ఫోకస్ దొరకబుచ్చుకోలేదు. ముందు ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, తడి చేతులతో ఫిల్టర్ తిప్పుతూ ఉంటే అప్పుడే గాలి వాన తిరుగుతుంది. ఆరు స్టాపులదైతే బిగించి ఉండగానే తెర మీద బొమ్మ కనిపిస్తుంది.

నలుచదరపు ఫిల్టర్లు, వాటి హోల్డర్లు చూడటానికి బాగుంటాయి. వానలో మాత్రం గుండ్రంగా తిప్పి బిగించేదే మేలు. చదరపు దానికి అద్దానికీ లెన్స్‌కీ మధ్య సందు ఉంటుంది, నీళ్ళు రెండో వైపు కూడా చేరతాయి. ఒకదాని మీద ఒకటి రెండు ఫిల్టర్లు పెడితే ఆ మధ్యలో ఆవిరి పడుతుంది, దాన్ని తుడవాలంటే మొత్తం విప్పాల్సిందే. పాత డీఎస్ఎల్ఆర్ (వెనక కన్ను పెట్టి లెన్స్‌లోంచే చూసే కెమెరా) వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ముదురు ఫిల్టర్‌తో ఎక్కువసేపు తెరిచి ఉంచితే, వెనక కన్ను పెట్టే సందులోంచి కూడా వెలుతురు లోపలికి చేరుతుంది. దాన్ని మూయాలి. మిర్రర్‌లెస్ కెమెరాలకు ఈ బెడద లేదు.

సరే, మబ్బులు సాగాలి, నీళ్ళు పొగలా రావాలి, అందుకు 30 సెకన్లు కావాల్సిందే అనుకుంటే? దారి ఉంది. ఒక్క 30 సెకన్ల ఫొటో బదులు, ట్రైపాడ్ కదలకుండా, సెట్టింగులు మార్చకుండా రెండేసి సెకన్ల ఫొటోలు పదహారో ఇరవయ్యో తీయండి. ఇంటికొచ్చి చుక్క పడ్డవాటిని ఏరి పారేసి, మిగిలిన వాటిని ఫొటోషాప్ లాంటి దాంట్లో సగటు చేయండి. వాన మీద ఇంతకన్నా మంచి బీమా నాకు తెలియదు. అదనంగా, పదహారు ఫొటోలు సగటు చేస్తే నాయిస్ (బొమ్మలో కనిపించే గరుకు చుక్కలు) నాలుగో వంతుకి పడిపోతుంది. సగటు బదులు మీడియన్ (అన్నిటినీ వరసలో పెడితే నడిమధ్య వచ్చే విలువ) ఎంచుకుంటే, ఏవో రెండు మూడు ఫొటోల్లో ఉన్న చుక్క మరకలు వాటంతట అవే పోతాయి. ఒక లోపం మాత్రం ఉంది: ఫొటోకీ ఫొటోకీ మధ్య ఖాళీ ఉంటే వేగంగా పోయే మబ్బు అంచుల్లో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. నీళ్ళలో అది తెలియదు. కొన్ని కెమెరాలు ఈ కూడికను లోపలే చేసుకుంటాయి. ఒలింపస్ 2019లో లైవ్ ఎన్‌డి పేరుతో తెచ్చింది అదే.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని కెమెరా మెనూలో ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే నిమిషం ఫొటో తీశాక ఇంకో నిమిషం చీకటి ఫొటో ఒకటి తనే తీసుకుని, అందులో కనిపించిన మచ్చల్ని అసలు ఫొటోలోంచి తీసేస్తుంది. మంచిదే. కానీ వాన విడుపు ఇచ్చిందే మూడు నిమిషాలైతే అందులో సగం దీనికే పోతుంది. దాన్ని ఆపేసి, చివర్లో చెట్టు కిందికి వచ్చాక లెన్స్ మూత పెట్టి, అంతే సమయానికి ఒక చీకటి ఫొటో మనమే తీసుకుంటే సరిపోతుంది.

గాలికి వీపు

ఇక మన జిల్లాకి ప్రత్యేకమైన చిక్కు. నెల్లూరుకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. మన సముద్రం తూర్పున ఉంది. అంటే, మైపాడులోనో తుమ్మలపెంటలోనో కొత్తపట్నంలోనో సముద్రానికి ఎదురుగా నిలబడి కెమెరా పెట్టామంటే వాన ముఖాన కొడుతుంది. ఎక్కడెక్కడి ఫొటోగ్రఫీ పాఠాలైనా చెప్పే "గొడుగు పైన పట్టుకోండి" అనే సలహా ఇక్కడ పనిచేయదు. వాన పైనుంచి రాదు, అడ్డంగా వస్తుంది. గొడుగు అడ్డంగా పట్టుకుంటే సముద్రం కనిపించదు.

దీనికి నేను నేర్చుకున్న మార్గం, సముద్రాన్ని ఎదురుగా కాకుండా పక్కగా చూడడం. గాలికి వీపు పెట్టి దక్షిణంగానో నైరుతిగానో తిరిగితే ఎడమ పక్క అలలు, మధ్యలో వంపు తిరిగే ఇసుక అంచు, కుడి పక్క సరుగుడు తోటలు. నా శరీరమే కెమెరాకి గోడ. లెన్స్ అద్దం నిమిషాల తరబడి పొడిగా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఫొటో కూడా ఇటే బాగుంటుంది. ఎదురుగా చూస్తే ఖాళీ సముద్రం మీద ఖాళీ ఆకాశం. పక్కకి చూస్తే అల వచ్చి వెనక్కి పోయిన గీతలన్నీ కంటిని లోపలికి లాక్కుపోతాయి.

గాలి దిక్కు తెలిస్తే మబ్బు ఎట్టా సాగుతుందో కూడా ముందే తెలుస్తుంది. మబ్బులు మన మీదికి వస్తున్నా, మన మీదుగా దూరంగా పోతున్నా, నిమిషం ఎక్స్‌పోజర్‌లో అవి విసనకర్ర ఈనెల్లా ఒక బిందువు నుంచి విచ్చుకుంటాయి. ఫ్రేములో అడ్డంగా పోతుంటే దువ్వెనతో దువ్వినట్టు సమాంతరంగా వస్తాయి. ఏది కావాలో దాన్నిబట్టి నిలబడే చోటు మార్చుకోవచ్చు. కాకపోతే ఇదంతా మబ్బుల్లో తెలుపూ నలుపూ ఉన్నప్పుడే. ముసురు పట్టి ఆకాశమంతా ఒకే బూడిదరంగు దుప్పటైపోయిన రోజున నాలుగు నిమిషాలు తెరిచినా అర సెకను తెరిచినా పైన ఒకటే కనిపిస్తుంది, అంటే ఏమీ కనిపించదు. అలాంటి రోజు ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేయడమే ఉత్తమం. జూన్, సెప్టెంబరు మధ్య సాయంత్రాలు వచ్చే ఉరుముల వానకి పైన చెప్పిన గాలి లెక్క తలకిందులు. అది ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది, సముద్రం వైపు కెమెరా పెట్టినా వీపునే తడుపుతుంది.

తుఫానులప్పుడు గాలి దిక్కు గంటల్లో మారిపోతుంది. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతాయి. తుఫాను మనకు దక్షిణాన, చెన్నై వైపు ఉన్నంతసేపు గాలి సముద్రం నుంచి ఒడ్డుకి. అది ఉత్తరానికి దాటిపోయాక పడమటి గాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుఫాను, అంతకు ముందు మన తీరం పక్కనే పైకి సాగింది. అట్టాంటప్పుడు నెల్లూరులో గాలి ఈశాన్యం నుంచి తిరుగుతూ తిరుగుతూ పడమరకి వస్తుంది. దిక్కుల లెక్క కోసం ఇది చెప్పాను గానీ, రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేసిన రోజున బీచ్‌కి కెమెరా తీసుకుని పోవద్దు. దాటిపోయాక కూడా రెండు మూడు రోజులు సముద్రం పొంగే ఉంటుంది, ఆకాశంలో మబ్బులు చీలి ఉంటాయి. అసలు ఫొటోలు ఆ రోజులవే.

అలకి ఎంతసేపు?

ఇక్కడ ఒక్క దృశ్యం దగ్గరగా చూద్దాం. అల ఒడ్డుకి వచ్చి, ఇసుక మీద పలచగా పరుచుకుని, ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారుతుంది. జారేటప్పుడు దాని మీదున్న నురగ ముక్కలు ముక్కలై నీళ్ళతో పాటే కిందికి పాకుతుంది. ఆ ఆగిన క్షణంలో కాదు, జారడం మొదలైన మరుక్షణం షట్టర్ నొక్కాలి. అర సెకను నుంచి సెకను దాకా ఉంచితే ప్రతి నురగ ముక్కా ఒక తెల్లటి దారం అవుతుంది, దారాలన్నీ సముద్రం వైపు సాగుతాయి. రెండు సెకన్లకి దారాలు ముద్ద కట్టడం మొదలవుతుంది. నాలుగైదు సెకన్లలో ఇంకో అల వచ్చి మొత్తం చెరిపేస్తుంది. అర నిమిషం ఉంచితే అన్నీ కలిసి పొగ. పొగ కూడా ఒక అందమే, రాళ్ళూ గుంజలూ ఏవైనా నిలకడగా ఉంటే దాని మధ్య నిలబడతాయి. మన బీచ్‌లు మాత్రం చాలావరకు ఇసుకే. నిలబడే వస్తువు లేనప్పుడు పొగ ఒట్టి పొగగానే మిగులుతుంది. దారాలకే నా ఓటు. పైగా అర సెకనులో చుక్క పడే అవకాశం ఎంతో పైన చూశాం.

ఇసుకలో ట్రైపాడ్ ఇంకో తలనొప్పి. అల తగిలినప్పుడల్లా కాళ్ళ చుట్టూ ఇసుక నీళ్ళతో కలిసి బురదలా వదులై, కాలు ఒక్క మిల్లీమీటరు దిగుతుంది. ఆ మిల్లీమీటరు చాలు బొమ్మ చెదరడానికి. పెట్టగానే తీయకుండా, కాళ్ళని చేత్తో అదిమి దింపి, రెండు మూడు అలలు తగలనిచ్చి, అది సర్దుకున్నాక తీయాలి. కాళ్ళ కింద చిన్న చెక్క పలకలు పెడితే దిగడం తగ్గుతుంది. మధ్య కడ్డీ పైకి ఎత్తకూడదు. బరువు కోసం బ్యాగు వేలాడదీస్తే అది గాలికి లోలకంలా ఊగి మేలుకన్నా కీడే చేస్తుంది, కాబట్టి బ్యాగు కింది భాగం నేలకి ఆనేట్టు కట్టాలి. గొడుగు ట్రైపాడ్‌కి తగలకూడదు. మా వాడికి ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

పెన్న, భైరవకోన

నెల్లూరు ఊళ్ళో ఉండేవాళ్ళకి ఎగువన పెన్న మీదున్న సోమశిల జలాశయం గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిందంటే పెన్న చూడటానికి పోవడం ఒక పండగ. వరద నీళ్ళు టీ రంగులో ఉంటాయి. జలపాతం ఫొటోల్లో తెల్లగా పట్టులా వచ్చేది నీళ్ళలో కలిసిన గాలి బుడగల వల్ల. ఈ వండ్రు నీళ్ళని పది సెకన్లు ఉంచితే పట్టు రాదు, గోధుమ రంగు సిమెంటు గచ్చులా చదునైపోతుంది. వరద వేగమే కనిపించదు. పావు సెకను, అర సెకను దగ్గర ఆపితే సుడులూ నురగ గీతలూ మిగిలి, నది పరుగెడుతున్నట్టే ఉంటుంది. ఇక్కడ కూడా గాలి లెక్క కలిసొస్తుంది. రంగనాయకుల గుడి నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. అవతల, ఉత్తరాన ఉన్న కోవూరు వైపు నుంచి తీస్తే ముందు నది, వెనక గాలిగోపురం, మన వీపుకి వాన. నది మధ్య బ్యారేజీ దిగువన దిబ్బల మీదికి మాత్రం దిగొద్దు. 2021 నవంబరు వరదలో ఇదే పెన్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టనే కోసేసింది. మనిషినీ ట్రైపాడ్‌నీ తీసుకుపోవడం దానికి ఒక లెక్క కాదు.

ఉమ్మడి ప్రకాశం వైపు భైరవకోన ఇంకో రకం పాఠం. ఒకే కొండ గోడలో ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. చెట్ల నీడా కొండ నీడా కలిసి మబ్బు రోజున అక్కడ వెలుతురు ఇంకో రెండు మూడు స్టాపులు తక్కువ. ఎన్‌డి ఫిల్టరే అక్కర్లేదు, షట్టర్ దానంతట అదే సెకనులో మూడో వంతు దగ్గరికి వస్తుంది. అక్కడ కావాల్సింది పోలరైజర్ అనే ఇంకో రకం ఫిల్టర్. తడిసిన రాయి మీదా ఆకుల మీదా ఆకాశం తెల్లటి మెరుపులా పడి అసలు రంగును కప్పేస్తుంది. నీటి పొర మీద నుంచి ఏటవాలుగా తిరిగి వచ్చే వెలుతురు ఒక దిశలో కంపించేది ఎక్కువ, పోలరైజర్ ఆ దిశనే అడ్డుకుంటుంది. ముందరి రింగు నెమ్మదిగా తిప్పుతూ తెరలో చూడండి. ఒక చోట తెల్ల మెరుపంతా చటుక్కున ఆరిపోయి, ఆకులు పచ్చగా, రాయి నల్లగా, దాని మీద పట్టిన నాచు కూడా కనిపిస్తుంది. ఇది ఇంట్లో కంప్యూటర్ మీద చేయగలిగే పని కాదు. పోయే వెలుతురు ఒకటిన్నర స్టాపు దాకా, దాంతో షట్టర్ సుమారు సెకను అవుతుంది. జలపాతానికి అంతకన్నా అడగక్కర్లేదు. అదే పోలరైజర్ మైపాడులో పెట్టి తిప్పితే తడి ఇసుక మీది ఆకాశపు నీడ మాయమైపోతుంది, ఫొటోకి ప్రాణం తీసినట్టే. అక్కడ తీసి జేబులో వేసుకోవాలి.

కార్తీక మాసంలో భైరవకోనకి జనం బాగా వస్తారు, జలపాతం కింద తానాలు చేస్తారు. వాళ్ళని పక్కకి జరగమని అడగడం పద్ధతి కాదు, వాళ్ళు దేవుడి కోసం వచ్చారు, మనం ఫొటో కోసం వచ్చాం. ఇందాక చెప్పిన మీడియన్ పద్ధతి ఇక్కడా పనికొస్తుంది: కాసేపు ఆగి ఆగి ఇరవై ఫొటోలు తీస్తే, ఒకే చోట ఎక్కువసేపు నిలబడని మనుషులంతా మాయమైపోతారు. పైన ఎక్కడో వాన పడి నీటి రంగు మారినా, ధార హోరు పెరిగినా కెమెరా సంగతి తర్వాత, ముందు పైకి ఎక్కేయాలి.

లోపలి తేమ

బయటి నీళ్ళ కన్నా లోపలి ఆవిరి ఎక్కువమందిని ఏడిపిస్తుంది. రాత్రంతా 20కి పెట్టిన ఏసీ గదిలో ఉన్న కెమెరాని తెల్లవారగానే బీచ్‌లో బయటికి తీస్తే అద్దం క్షణంలో మసకబారుతుంది. వానాకాలపు తీరం గాలిలో తేమ అంత ఎక్కువ. ఆ గాలి 22, 23 డిగ్రీలున్న వస్తువుని తాకినా నీరు కట్టేస్తుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది, ఎందుకంటే అద్దం ఇంకా చల్లగానే ఉంది. విరుగుడు తుడవడం కాదు, వెచ్చబడనివ్వడం. ముందు రాత్రే కెమెరాని ఏసీ లేని గదిలో పెట్టుకోండి. మర్చిపోతే, జిప్ వేసిన బ్యాగులోనే అరగంట ఉంచి తర్వాత తెరవండి. కారులోనూ ఏసీ ఆపేయాలి, పక్కన కూర్చున్నవాళ్ళు ఎంత సణిగినా.

వాతావరణాన్ని తట్టుకునే కెమెరా అని అట్ట మీద రాసిన మాటకి నీళ్ళలో ముంచొచ్చని అర్థం కాదు. సందుల్లో రబ్బరు పెట్టారని అర్థం. లెన్స్‌కి కూడా ఆ రబ్బరు ఉండాలి, లేకపోతే లాభం లేదు. జూమ్ చేసినప్పుడు పొడవు పెరిగే లెన్స్‌లు తిత్తిలా గాలిని లోపలికి లాగుతాయి, గాలితో పాటు తేమనీ. వానలో లెన్స్ మార్చనే మార్చకూడదు. ఫోన్ల మీద ఉండే ఐపీ68 (నీళ్ళని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు) అన్నది మంచినీళ్ళతో చేసిన పరీక్ష, ఉప్పునీళ్ళకి ఆ హామీ లేదు.

ఫోనుతో కూడా ఈ ఫొటోలు బాగానే వస్తాయి. ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి, తర్వాత దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చే వీలు 2017 నుంచీ ఉంది. అది సుమారు మూడు సెకన్ల కదలికను కలిపేస్తుంది, అంటే ఇందాకటి సగటు పద్ధతే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో షట్టర్ సమయాన్ని మనమే పెట్టుకునే ప్రో మోడ్ ఉంటుంది. చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించాలి, అంతే.

పిడుగుల మాట మాత్రం ఫోనుకైనా కెమెరాకైనా ఒకటే. చదునైన బీచ్‌లో లోహపు ట్రైపాడ్ పక్కన నిలబడ్డ మనిషి కన్నా ఎత్తైంది చుట్టుపక్కల ఏదీ ఉండదు. మెరుపు కనిపించాక ఉరుము వినపడటానికి పట్టే సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్ల లోపు వినపడిందంటే పది కిలోమీటర్ల లోపే ఉంది. అన్నీ అక్కడే వదిలేసి కారులోకో పక్కా ఇంట్లోకో పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పిడుగుల హెచ్చరికలకి పుణె వాతావరణ శాస్త్ర సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ ఉంది, ఫోనులో పెట్టుకోండి.

ఇంటికొచ్చాక బీచ్ నుంచి తెచ్చిన ఫిల్టర్‌ని పొడి గుడ్డతో రుద్దకండి. ఎండిన ఉప్పుతో పాటు ఇసుక రేణువులు కూడా ఉంటాయి, అవే గీతలు పెడతాయి. ముందు మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో అద్దాలి, తర్వాత పొడి గుడ్డ. కెమెరా ఒంటికి పాత పంచె ముక్క చాలు, అదీ అద్దడమే. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా సాగదీసి కుళాయి కింద కడగాలి, లేకపోతే వారానికల్లా ఆ మరలు కరకరలాడతాయి.

తడిసిన కెమెరాని బియ్యం డబ్బాలో పెట్టమని మా ఇంట్లో ఇప్పటికీ సలహా ఇస్తారు. మొలగొలుకులు పండే జిల్లా కదా, ఏ కష్టానికైనా మందు బియ్యంలోనే ఉంటుందని నమ్మకం. బియ్యానికి తవుడు ధూళి ఉంటుంది, అది సందుల్లోకి పోతుంది. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో నాలుగు సిలికా జెల్ పొట్లాలు, వీలైతే చిన్న తేమ మీటరు. ముల్లు 40, 50 శాతం మధ్య ఉంటే చాలు, లెన్స్‌లో బూజు పట్టదు. ఆ డబ్బా కోసం వంటింట్లోంచి నేను ఎత్తుకొచ్చింది మా ఆవిడ మురుకుల డబ్బా. మొన్న నవంబరులో మైపాడు నుంచి తడిసి వచ్చి దాన్ని తెరిస్తే, సిలికా జెల్ పక్కన మురుకులున్నాయి.